కాళ్ళ వైపు నుంచి

మా ఆయన్ని నిద్ర లేపాలంటే గది గుమ్మం పూర్తిగా దాటకూడదు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని, బూజుకర్ర చివర పాత తువ్వాలు ముక్క చుట్టి, ఆయన కుడికాలి బొటనవేలిని మెల్లగా తట్టాలి. తట్టిన వెంటనే “డ్యూటీ మారింది, మీరిక దిగొచ్చు” అనాలి. గొంతు గట్టిగా ఉండకూడదు, అలాగని గుసగుసగానూ ఉండకూడదు. ఆయన ఒక్కసారిగా లేచి కూర్చుంటారు. చేతులు రెండూ ముందుకొచ్చి గాలిని పట్టుకుంటాయి. ఆ రెండు క్షణాలూ కళ్ళు తెరిచే ఉంటాయి కానీ ఆ కళ్ళలో మా ఇల్లుండదు. తర్వాత ఆయనకి కిటికీ కనిపిస్తుంది, ఆ తర్వాత నేను కనిపిస్తాను. ఆలోపు కర్ర తలుపు వెనక్కి వెళ్ళిపోవాలి. “ఇన్నేళ్ళూ బ్యూగిల్‌కి లేచినవాణ్ణి, ఇప్పుడు పెళ్ళాం గొంతుకి లేస్తున్నా. ఇదీ ఒక ప్రమోషనే,” అని నవ్వుతారాయన. నేనూ నవ్వుతాను. పాలు కాచడం లాగే ఇదీ నా పొద్దుటి పనుల్లో ఒకటి. కాకపోతే పాలు పొంగితే పొయ్యి తుడుచుకుంటే సరిపోతుంది.

ఈ పని నాకు మొదట్లో రాదు. ఆయన సైన్యం నుంచి పూర్తిగా ఇంటికొచ్చేసిన కొత్తలో అందరు భార్యల్లాగే భుజం మీద చెయ్యేసి లేపాను. తర్వాత ఏం జరిగిందో వరసగా గుర్తులేదు. ఇంటి కప్పు గుర్తుంది. నా గొంతు మీద ఆయన బొటనవేళ్ళు గుర్తున్నాయి. అత్తయ్య గుమ్మంలో నిలబడి, కన్నకొడుకుని “సిపాయ్! దిగు!” అని ఎవరో ఆఫీసరులా అరవడం గుర్తుంది. ఆయన వదిలేశారు. నన్ను చూసి, తన చేతులు చూసుకుని, మంచం పక్కన కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేనే ఓదార్చాను. మంచినీళ్ళిచ్చి, “ఏం కాలేదండీ, ఏం కాలేదు” అంటూ వీపు నిమిరాను. తన గొంతు నొక్కినవాడి వీపు తనే నిమరడం ఆడదాని చేతికి ఎవరు నేర్పుతారో నాకిప్పటికీ తెలియదు.

ఆ రోజు వంటింట్లో అత్తయ్య నా మెడకి చల్లటి గుడ్డ అద్దుతూ, “తలవైపు ఎవరు వెళ్ళమన్నారే నిన్ను?” అని కసిరింది. “కాళ్ళ వైపు నుంచి లేపాలి. దూరంగా నిలబడి లేపాలి. ఇంట్లో బూజుకర్ర ఎందుకుంది మరి?”

బూజు దులపడానికనుకున్నాను, అప్పటిదాకా. మామయ్యగారు కూడా సిపాయేనని, ఆవిడ ఆ కర్రతోనే కాపురం చేసిందని నాకా రోజే అర్థమైంది.

ఈ సంగతి మా ఇల్లు దాటలేదు. దాటకూడదు కూడా, ఎందుకంటే నేను పనిచేసేది మా చట్టసభ సభ్యుడిగారి ఆఫీసులో. సైన్యం, మాజీ సైనికులు, దేశరక్షణ విధానం — ఆయన సభలో మాట్లాడేదంతా వీటి మీదే. ఎప్పుడు చూసినా చేతిలో మైకుంటుంది కాబట్టి మేం చాటుగా మైకు సారని పిలుచుకుంటాం. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న రోజు పదిమందిలో నా తలమీద చెయ్యిపెట్టి, “మన ఆఫీసులో సైనికుడి భార్య ఉండాలయ్యా, అది మనకి శోభ,” అన్నారు. శోభ అంటే ఏమిటో వారం తిరక్కుండానే తెలిసింది. ఎవరైనా మాజీ సైనికులొస్తే టీ నేనే ఇవ్వాలి. ఫొటో తీస్తే ముందు వరసలో నేనే నిలబడాలి. మాట్లాడాల్సి వస్తే మాత్రం సెక్రటరీ మాట్లాడతాడు. నెలకోసారి వేసే కరపత్రం రాసేది కూడా నేనే. కింద పేరు మాత్రం ఆయనది.

ఉన్నమాట చెప్పాలి, మైకు సార్ చెడ్డవాడు కాదు. మాజీ సైనికుల ఆస్పత్రికి కొత్త వార్డు కట్టించింది ఆయనే. సైన్యానికి కొన్న చలికోట్లలో దూది లేదని సభలో ఒక కోటు చింపి చూపించి, మంత్రిగారి నోరు మూయించింది ఆయనే. ఇవన్నీ నేను మనస్ఫూర్తిగానే రాశాను. కష్టపడే మనిషి ఒక్కచోట కళ్ళు మూసుకుంటే ఎదురు చెప్పడం ఎంత కష్టమో, ఈ నెల కరపత్రం రాస్తున్నప్పుడు తెలిసింది.

సెక్రటరీ నా బల్ల మీదికి వంగి, “ఈసారి పెద్దక్షరాల్లో తుపాకీ బిల్లు గురించి వెయ్యమ్మా. సార్ కొత్త సవరణ పెడుతున్నారు,” అన్నాడు.

ఇప్పుడున్న పద్ధతి ఇది. మనసు బాగాలేక వైద్యం చేయించుకున్న సైనికుడి సొంత తుపాకీ పోలీసు స్టేషన్లో ఉంటుంది. తిరిగి ఇవ్వాలంటే ఒక బోర్డు కూర్చుంటుంది. డాక్టర్ని అడుగుతారు. తర్వాత అతనితో ఒకే ఇంట్లో ఉండే మనిషిని, ఎక్కువగా భార్యని, విడిగా గదిలోకి పిలిచి అడుగుతారు. ఎవరు వద్దన్నా సరే బయటికొచ్చి “ప్రస్తుతానికి వాయిదా” అని మాత్రమే చెబుతారు. వద్దన్నదెవరో చెప్పరు.

“సార్ మాటలే రాసుకో,” అని సెక్రటరీ గొంతు సవరించుకుని మైకు సార్‌లా చెయ్యెత్తాడు. “శత్రువుకి ఎదురు నిలబడ్డవాడి మీద, సొంత ఇంట్లో చాటుగా చాడీలా? చెప్పేదేదో అతని ఎదురుగా చెప్పమనండి! ఎలా ఉంది? ఇకనుంచి వద్దనేవాళ్ళు అతని ముందే వద్దనాలి. ఇప్పటికే వాయిదా పడ్డవాళ్ళు కూడా ఎవరు అడ్డుపడ్డారో అడిగి తెలుసుకోవచ్చు.”

“పాతవాళ్ళు కూడానా?” అన్నాను.

“పాతవాళ్ళు కూడా. మీ ఆయనకీ పనికొస్తుందిగా! ఆయనదీ వాయిదానే కదూ?”

అవునన్నట్టు తలూపాను. కంప్యూటర్ మీద ‘ఎదురుగా’ అన్న మాట కొట్టడానికి ఎన్నిసార్లు తప్పు కొట్టి దిద్దుకున్నానో. ఎందుకంటే మా ఇంట్లో వద్దన్నది డాక్టరు కాదు, నేను.

అది పోయినేడాది మాట. ఆయన కూడా అలా వైద్యం చేయించుకున్నవారే. బోర్డు గదిలో ఒక ఆఫీసరమ్మ ఉంది, జుట్టు నెరిసిన మనిషి. కిటికీ తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది. “ఇంట్లో తుపాకీ ఉండొచ్చా అమ్మా?” అని ఒక్కటే అడిగింది. ఆయన బయట బెంచీ మీద, మెరిసే బూట్లతో, వీపు నిటారుగా పెట్టి కూర్చున్నారు. తలుపు అద్దంలోంచి ఆయన భుజం కనిపిస్తోంది. నేను “వద్దు” అన్నాను. ఆవిడ కారణమడగలేదు. మెడ మీదికి పోయిన నా చెయ్యి వంక చూసి, “సరే” అంది.

ఆ ‘వద్దు’ ఆయన ఉద్యోగాన్ని మింగేసింది. ఒక బ్యాంకులో కాపలా ఉద్యోగం చేతిదాకా వచ్చింది. సొంత తుపాకీ ఉన్నవాళ్ళకే ఇస్తారది. యూనిఫాం కొలతలు కూడా ఇచ్చి వచ్చారు. వాయిదా అనగానే వాళ్ళు వేరేవాళ్ళని పెట్టుకున్నారు. ఇప్పుడాయన ఇంట్లో ఉండి, మా అమ్మాయి బడి బట్టలు కత్తి అంచులా ఇస్త్రీ చేస్తారు, దాన్ని ‘పిచ్చుకా’ అని పిలిచి సైకిల్ మీద దింపి వస్తారు, నాకు టిఫిను సర్దిస్తారు. ఏ పని చేస్తున్నా మధ్యలో ఆగి, “ఆ డాక్టరెవడో నా మీద కక్ష కట్టాడోయ్. వాడి మొహం ఒక్కసారి చూడాలి,” అంటారు. నేను కుక్కిన పేనులా ఉంటాను. ఆయన మొగుడిలా కొట్టి ఉంటే కోపమైనా తెచ్చుకునేదాన్ని. ఇంత మంచిగా ఉండే మనిషి దగ్గర భయపడుతూ బతకడానికి మాటలు కూడా దొరకవు. ఎవరికి చెప్పినా “పోనీలే, బంగారంలాంటి మొగుడు” అంటారు. బంగారమే, నాకూ తెలుసు. పగటి మనిషి అంటే నాకు ఏ భయమూ లేదు. నిద్రకీ మెలకువకీ మధ్య రెండు క్షణాలు మా ఇంట్లో ఉండి వెళ్ళే ఆ రెండో మనిషంటేనే నాకు భయం. అతని చేతులు గాలిని పట్టుకునే చోట తుపాకీ ఉంటే ఏమవుతుందో, ఏ బోర్డూ ఏ సభ్యుడూ నా బదులు ఆ గుమ్మంలో నిలబడి చూడరు.

ఆ సాయంత్రం నేను ఇంటికెళ్ళేసరికే ఆయన టీవీలో వార్త చూశారు. గుమ్మంలోనే ఎదురొచ్చి నా చేతిలో సంచీ అందుకుని, “మీ మైకు సార్ మొనగాడోయ్! ఆ వద్దన్నవాడెవడో ఇక బయటికి రావాల్సిందే,” అన్నారు. ఆయన ముఖం అంతగా వెలగడం చూసి ఎన్నాళ్ళో అయింది. నాకు ఆ వెలుగు చూస్తే ఏడుపొచ్చింది. తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అత్తయ్య చేటలో పప్పు ఏరుతోంది. తలెత్తకుండానే, “నువ్వేనా?” అంది.

ఆవిడ ఒక రాయి ఏరి పక్కన పెట్టింది.

“నన్నూ అడిగారు, అప్పట్లో. మీ మామయ్యగారిని పక్కనే కూర్చోబెట్టి మరీ అడిగారు. నీకేమైనా అభ్యంతరమా అని. ఆయన ముందు కాదంటానా? లేదన్నాను. తుపాకీ ఇంటికొచ్చింది. ఆయన దిండు కింద పెట్టుకునేవారు.”

“మరి మీరెక్కడ పడుకునేవారు అత్తయ్యా?”

“ఎక్కడేమిటి, పక్కనే. ముప్ఫై ఏళ్ళు పక్కమీద ఇటునుంచి అటు దొర్లలేదే నేను. ఒత్తిగిలితే మంచం కదులుతుంది కదా. వెల్లకిలా పడుకుని కప్పు చూస్తూ ఉండేదాన్ని. దగ్గు వస్తే లేచి బయటికెళ్ళి దగ్గేదాన్ని. ఆయన పోయాక ఊళ్ళోవాళ్ళంతా పలకరించడానికొచ్చారు. నాకేమో ఎప్పుడెప్పుడు వెళ్తారా, ఎప్పుడు బోర్లా పడుకుందామా అని ఒకటే ఆత్రం. మొగుడు పోయిన రోజున ఆ ఆలోచన వచ్చినందుకు నన్ను నేను తిట్టుకున్నాను కూడా.” ఆవిడ చేట కింద పెట్టి నా వైపు చూసింది. “వాడు నా కడుపున పుట్టినవాడు. వాడికి ఉద్యోగం రావాలని నాకుండదా? అయినా చెబుతున్నాను. దాన్ని ఇంట్లోకి రానివ్వకు.”

“రానివ్వకుండా ఎలా? వద్దన్నది నేనని తెలిస్తే?”

అత్తయ్య పొయ్యి తగ్గించి, నా భుజం మీద చెయ్యేసి, వెంటనే తీసేసింది.

మర్నాడు మైకు సార్ స్వయంగా నా బల్ల దగ్గరికొచ్చారు. “చెల్లెమ్మా, శుక్రవారం కమిటీ ముందు మన బిల్లు విచారణ. నువ్వు మాట్లాడాలి. సైనికుడి భార్యే వచ్చి మాకు అభ్యంతరం లేదంటే ఇంకెవడు నోరెత్తుతాడు? మీ ఆయన్ని కూడా తీసుకురా, ముందు వరసలో కూర్చోబెడదాం.”

“సార్, ఎదురుగా చెప్పాలంటే ఎవరైనా వద్దనగలరా?” అని అడిగాను. అంతమాట ఎలా అన్నానో నాకే తెలియదు.

ఆయన నిజంగానే ఆలోచించారు. తర్వాత చల్లగా నవ్వారు. “అదేగా మనకి కావలసింది! నిజంగా భయం ఉన్నవాళ్ళు ఎదురుగానైనా చెబుతారమ్మా. లేనివాళ్ళే చాటు వెతుక్కుంటారు.”

భయం గురించి ఆయనకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఆయన ఇంట్లో ఆవిడ ఆయన్ని ఎలా నిద్ర లేపుతుందో అడగాలనిపించింది. అడగలేదు. సెక్రటరీ నేను చదవాల్సిన నాలుగు ముక్కలు కాగితం మీద రాసిచ్చి, “చదివేటప్పుడు కాస్త నవ్వుమొహం పెట్టమ్మా,” అన్నాడు.

ఆ రెండు రోజులు నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుని కాగితం చదివితే సవరణ వస్తుంది, నా పేరు బయటపడుతుంది. ముందే బోర్డుకి వెళ్ళి మనసు మార్చుకున్నాను అంటే పేరు బయటికి రాదు, తుపాకీ వస్తుంది. ఆయనకి ఉద్యోగం వస్తుంది, ఇంట్లో అందరూ సంతోషంగా ఉంటారు, నేను వెల్లకిలా పడుకోవడం నేర్చుకుంటే చాలు. నిజం చెబుతున్నాను, దానికే సిద్ధపడ్డాను. అత్తయ్య చేసింది నేను చెయ్యలేనా అనుకున్నాను. గురువారం బోర్డు ఆఫీసుకి వెళ్దామని పొద్దున్నే హడావిడిగా వంట చేస్తున్నాను.

అప్పుడు మా పిచ్చుక గొంతు వినిపించింది. “డ్యూటీ మారింది నాన్నా, మీరిక దిగొచ్చు.”

గరిటె చేతిలోనే ఉండగా పరిగెత్తాను. గుమ్మంలో అది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. కర్ర చివర తువ్వాలు ముక్క. కుడికాలి బొటనవేలు. గొంతు గట్టిగానూ లేదు, గుసగుసగానూ లేదు. ఆయన చేతులు గాలిని పట్టుకున్నాయి. ఆయన కళ్ళు తేటపడేలోపు అది కర్రని తలుపు వెనక్కి చేర్చి, ఏమీ ఎరగనట్టు నవ్వుతూ నిలబడింది. నేను నవ్వే నవ్వే అది.

దాన్ని వంటింట్లోకి లాక్కొచ్చి, “ఎవరు నేర్పారే నీకు?” అన్నాను.

“ఎవరూ నేర్పలేదు. రోజూ చూస్తూనే ఉన్నాగా. నీకు ఆఫీసుకి ఆలస్యమవుతోందని...” అని, “అమ్మా, మా ఫ్రెండు వాళ్ళమ్మ వాళ్ళ నాన్నని దుప్పటి లాగేసి లేపుతుంది తెలుసా? నేను చూశాను. ఆవిడకి భయం లేదా?” అంది.

అత్తయ్య పొయ్యి ఆర్పేసింది. అత్తయ్య నాకు చెప్పి నేర్పింది. దీనికి చెప్పకుండానే వచ్చేసింది. ఇల్లు తుడవడం, అన్నం వడ్డించడం, తండ్రికి భయపడటం — మూడూ ఒకే వయసులో వచ్చేశాయి నా కూతురికి. నేను గురువారం బోర్డు ఆఫీసుకి వెళ్ళలేదు.

శుక్రవారం పొద్దున ఆయన నా బట్టలు కూడా ఇస్త్రీ చేశారు. “టీవీలో కనిపిస్తావోయ్, ముడతలుంటే నా పరువు పోతుంది,” అంటూ మడత మీద మడత వేశారు. ఆ వేళ్ళ వంకే చూస్తూ నిలబడ్డాను. అమ్మాయి బడి నుంచి నేరుగా మా అక్క ఇంటికి వెళ్ళేలా చెప్పి ఉంచాను. అక్కడ మాకు ఒక గది ఖాళీ చేయించాను. ఎన్నాళ్ళకో తెలియదు. ఎందుకని అక్క అడిగితే వచ్చాక చెబుతానన్నాను. అత్తయ్యకి నేనేమీ చెప్పలేదు. కానీ ఆవిడ మందుల డబ్బా, కళ్ళజోడు సంచీలో వేసుకుని, చెప్పులేసుకుని గుమ్మంలో తయారుగా ఉంది.

“నువ్వెక్కడికమ్మా?” అన్నారాయన.

“నేనూ వస్తాన్రా. ముప్ఫై ఏళ్ళు కదలకుండా పడుకున్నదాన్ని, ఒక పూట కుర్చీలో కూర్చోలేనా?”

ఆయనకి అర్థం కాలేదు. నవ్వేసి ఆటో పిలిచారు.

కమిటీ హాలు చాలా పెద్దది. ఎత్తు కుర్చీల్లో సభ్యులు, పక్కన కెమెరాలు, తలుపు దగ్గర పోలీసులు. ఆ పోలీసుల్ని చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. కట్టుకున్నవాడితో ఒక మాట చెప్పడానికి పోలీసుల్ని చూసుకుని ధైర్యం తెచ్చుకోవాల్సి వచ్చినందుకు సిగ్గూ వేసింది. ఆయన ముందు వరసలో పతకాలు పెట్టుకుని కూర్చున్నారు. మైకు సార్ వచ్చి ఆయన్ని కౌగిలించుకున్నారు, కెమెరాలు మెరిశాయి. అత్తయ్య వెళ్ళి కొడుకు పక్కన కూర్చుని ఆయన రెండు చేతులూ తన ఒళ్ళోకి తీసుకుంది. చూసేవాళ్ళకి తల్లి ప్రేమలా ఉంటుంది. ఆవిడ ఎందుకు పట్టుకుందో నాకు తెలుసు.

నన్ను పిలిచారు. ఇంటికెళ్ళాక ఏమవుతుందో, అసలు ఇంటికెళ్తానో లేదో తెలియదు. కాగితం మడిచి బల్ల మీద పెట్టేశాను. సెక్రటరీ కుర్చీలోంచి సగం లేచాడు. అధ్యక్షుడు, “చెప్పండమ్మా, ఈ సవరణకి మీకేమీ అభ్యంతరం లేదు కదా?” అన్నాడు.

“నాకు ఇచ్చింది చదవనండి. మా ఆయన్ని నేను రోజూ ఎలా నిద్ర లేపుతానో చెబుతాను,” అన్నాను.

హాల్లో ఎవరో నవ్వారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. గుమ్మం గురించి, కర్ర గురించి, తువ్వాలు ముక్క గురించి, నా మెడ గురించి, మామయ్యగారి దిండు గురించి, నిన్న పొద్దున నా కూతురు నిలబడిన తీరు గురించి. నవ్విన మనిషి మళ్ళీ నవ్వలేదు. మైకు సార్ చేతిలో మైకు లేక ఏం చెయ్యాలో తెలియనట్టు ఖాళీ అరచేతులు చూసుకుంటున్నారు. మా ఆయన మొదట నన్ను చూశారు. తర్వాత తల వంచుకుని, మెరిసే తన కుడి బూటు వంక చూశారు. కర్ర సంగతి ఆయనకి తెలియదు మరి. నా గొంతుకే లేస్తున్నాననుకున్నారు ఇన్నాళ్ళూ.

చివరి మాట మిగిలింది. ఎదురుగా చెప్పాలన్నది కదా బిల్లు. కమిటీ వైపు నుంచి తిరిగి, కుర్చీల మధ్య నుంచి నడిచి ఆయన దగ్గరికి వెళ్ళాను. కాళ్ళ వైపు ఆగలేదు. ఆ మొదటి పొద్దు తర్వాత ఇన్నేళ్ళకి మళ్ళీ ఆయన భుజం మీద చెయ్యి వేశాను. అత్తయ్య ఆయన చేతులు ఇంకా వదల్లేదు.

“ఆ డాక్టరు కాదండీ. వద్దన్నది నేను,” అన్నాను. “ఇప్పుడూ వద్దనే అంటున్నాను.”